పన్నెండు గుచ్చితే పదకొండు

పుట్టినప్పుడు నాకున్న ఆస్తి ముందు ఒక మొన, కడుపులో ఒక గాడి, వెనక ఒక బోలు పిడి. అంతే. నేను ఒక ఇనుప గొట్టాన్ని. ధాన్యం బస్తాలో గుచ్చితే గుప్పెడు గింజలు నాలోంచి జారి వ్యాపారి అరచేతిలో పడతాయి. ఆ గుప్పెడు చూసి బస్తా మొత్తానికీ తీర్పు చెబుతారు.

తాడేపల్లిగూడెంలో ఒక కమ్మరి నన్ను జానెడు పొడవున సాగదీశాడు. మొదట ఒక బ్రోకరు కొన్నాడు. ఆయన నాతో వీపు గోక్కుని, ధాన్యం మాత్రం రైతు మాట మీద కొనేవాడు. రెండేళ్ళకే వ్యాపారం మానుకున్నాడు. అక్కడి నుంచి ధాన్యం కొట్టు నడిపే గ్రంధి సుబ్బలింగం చేతికి వచ్చాను.

ఆయన లాల్చీ పక్కజేబులో ముప్పయ్యేళ్ళు ఉన్నాను. బస్తాకు మూడు చోట్ల పొడిచి, గింజ కొరికి చూసేవాడు. నచ్చితే దింపమనేవాడు. నచ్చకపోతే తల అడ్డంగా ఊపేవాడు, లారీ వచ్చిన దారినే పోవలసిందే. రైతులు బతిమాలితే నన్ను చూపించి, దీనికి అబద్ధం రాదు అనేవాడు. నిజమే. కానీ లోపల ఏముందో చెప్పడం వరకే నా పని. దానితో ఏం చెయ్యాలో నేనెప్పుడూ చెప్పలేదు. ఈ తేడా మనుషులకు అంత తొందరగా పట్టదు.

అరవై ఆరో ఏట ఆయనకు నడుం నొప్పి మొదలైంది. మూత్రం ఒక పట్టాన వచ్చేది కాదు. కొట్లో కూర్చుని కూర్చుని వచ్చిందనుకుంటూ ఏడు నెలలు నెట్టాడు. చివరికి రాజమండ్రిలో ఒక ఆసుపత్రివాళ్ళు ప్రొస్టేట్ గ్రంథిలోకి సూది పంపి ముక్కలు తీశారు. ఫలితం చెప్పేరోజు నేను జేబులోనే ఉన్నాను.

"ఎన్నిచోట్ల గుచ్చారండి?" అని అడిగాడు.

"పన్నెండు," అన్నాడు డాక్టరు.

"ఎన్నింట్లో ఉంది?"

"పదకొండింట్లో."

క్యాన్సర్ వెన్నెముకకు పాకిందని డాక్టరు చెప్పాడు. పూర్తిగా తీసెయ్యలేం గానీ అణచిపెట్టగలం, అలా ఏళ్ళు గడుపుతున్నవాళ్ళున్నారు అన్నాడు. మూడు నెలలకో ఇంజెక్షను, రోజూ మాత్రలు. వాటితో మగ హార్మోను ఆగిపోతుంది. బుధవారం తప్పకుండా రావాలి, ఆలస్యమైతే కాళ్ళు పడిపోవచ్చు. ఇన్ని మాటల్లో సుబ్బలింగం చెవిన పడినవి రెండే. పదకొండు, మగ.

కొట్టుకు వచ్చి డాక్టరు రాసిచ్చిన చీటీని సన్నగా చుట్టి నా కడుపులోకి తోశాడు. ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. భార్య మాణిక్యంతో వేడి చేసిందన్నాడు. బుధవారం వచ్చింది, పోయింది. ఆ తర్వాత కుడికాలు మొద్దుబారడం మొదలైంది. గోడ పట్టుకుని మెట్లు దిగేవాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. సరుకు రాని రోజులు కావడంతో నన్ను బయటికి తీసే పని పడలేదు.

మరుసటి శుక్రవారం మధ్యాహ్నం ఒక లారీ వచ్చింది. అలవాటు కొద్దీ నన్ను తీసి బస్తాలో పొడిచాడు. గింజ రాలలేదు. మళ్ళీ పొడిచాడు. రాలలేదు. రైతు మొహం పాలిపోయింది. బస్తాలు మోసే ముఠాకు మేస్త్రి పోలయ్య నన్ను అందుకుని అరచేతికేసి కొట్టాడు. నాలుగు గింజలతో పాటు చీటీ జారి, భోజనం క్యారేజీతో అప్పుడే వచ్చిన మాణిక్యం కాళ్ళ దగ్గర పడింది. ఆమె విప్పి చదివింది. ఆమె మొహం చూసి పోలయ్య రైతును టీ తాగుదాం రమ్మని బయటికి తీసుకుపోయాడు.

"తారీకు పోయి తొమ్మిది రోజులైంది. ఏం సూదండీ ఇది?"

సుబ్బలింగం బస్తా మీద కూలబడ్డాడు. "పన్నెండు గుచ్చితే పదకొండు పోయినయ్ మాణిక్యం. ఇలాంటి సరుకుని ఏ మిల్లు దింపుకుంటుంది?"

"నేను దింపుకుంటాను. ఆ కాలెందుకు ఈడుస్తున్నారు?"

ఆయన ఆ కాలు బస్తా చాటుకు లాక్కున్నాడు. "ఆ సూది వేస్తే మగతనం పోద్దంట," అన్నాడు నేలకేసి చూస్తూ.

"ఈ వయసులో దాంతో కొత్తగా ఏం కొట్టు తెరుద్దామని మీ బెంగ? కాళ్ళు పోతే మోసేది నేనూ, పోలయ్యా. లేవండి. కారు పిలిపిస్తాను."

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు. వెన్నుకు రేడియేషను, తర్వాత ఇంజెక్షను. కాలు నిలబడుతుందో లేదో తెలియడానికి మూడు వారాలు పట్టింది. చేతికర్రతో నిలబడింది.

మనిషి మారిపోయాడని అనను. పుష్యమాసపు చలిలో ఆ ఇంజెక్షను వల్ల ఒళ్ళంతా ఆవిర్లొచ్చి ఫ్యాను వేయమనేవాడు, మాణిక్యం రగ్గులోంచి తిట్టేది. టీవీలో ఎవరి పెళ్ళో చూసి కళ్ళు తుడుచుకునేవాడు. రక్తపరీక్షలో జబ్బు ఎంతుందో చెప్పే పీఎస్ఏ అంకె రెండొందల పన్నెండు నుంచి తొమ్మిదికి, తర్వాత ఒకటికి దిగింది. ఏదైనా పడిపోతుంటే ఆయన సంబరపడటం అదే మొదలు. అయినా ప్రతి పరీక్షకూ రెండు రోజుల ముందునుంచి ఇంట్లో ఎవరికీ శాంతి ఉండదు. పచ్చడిలో ఉప్పెక్కువంటాడు, పోలయ్య నడక బాగాలేదంటాడు.

కొట్లోకి తేమ కొలిచే మిషను వచ్చింది. నేనిప్పుడు ఇంట్లో, మాత్రల డబ్బా పక్కన కిటికీలో ఉంటున్నాను. ఈ ఉదయం మళ్ళీ పరీక్ష. ఇడ్లీల పళ్ళెం పక్కకు నెట్టాడు. ఉప్పు మాటే వస్తుందనుకున్నాను.

"భయంగా ఉంది మాణిక్యం," అన్నాడు.

"నాకూను," అని ఆమె పక్కన కూర్చుంది. కాసేపటికి ఆయన రెండు ఇడ్లీలు తిన్నాడు.

ఇక లెక్క. పోయింది కండ, బలం, ఇంకా ఇన్నేళ్ళుంటానన్న ధీమా. వచ్చింది ఇప్పటిదాకా పదిహేడు నెలలు, నడిచే రెండు కాళ్ళు, ఈ ఉదయం పైకి అన్న ఒక్క మాట. అంకె సాయంత్రానికి తెలుస్తుంది. అది ఎంతైనా సరే, ఇవి జమ అయిపోయాయి.