వినలేదన్న మాట

ముప్పై రెండేళ్లు ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషికి కథ రాయాలన్న కోరిక పుట్టింది. ఎక్కినవాళ్లు ఎందరో, చూసినవి ఎన్నో, రాయడం ఎంతసేపు అనుకున్నాడు. రెండు నెలల్లో గీతల నోటుపుస్తకం నిండింది. ఆయన కూతురు డీటీపీ సెంటర్లో పనిచేస్తుంది. ఒక ఆదివారం ఆమె వంటింట్లో కూర్చుని చదువుతుంటే, ఆయన పేపరు అడ్డం పెట్టుకుని ఆమె ముఖమే చూశాడు.

"బావుంది నాన్నా. కానీ ఇది దేని గురించి?"

"లిఫ్టు గురించి. కనపట్టంలా?"

"లిఫ్టుంది. ఏడుస్తూ ఎక్కిన గుమాస్తా ఉన్నాడు, దొంగ ఉన్నాడు, పావురం ఉంది. ఒకదానికొకటి ఏమవుతాయో తెలీడం లేదు. అతుకుల బొంతలా ఉంది."

"బొంతైతే ఏం, కప్పుకుంటే వెచ్చగా ఉండదా? నిన్ను టైపు చెయ్యమన్నాను గాని తీర్పు చెప్పమన్లేదు."

ఆమె నవ్వి నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది. గురువారం సాయంత్రం టైపు చేసిన కాగితాలు తెచ్చింది. మూడు చోట్ల పెన్సిలు గీతలున్నాయి.

"చూడు నాన్నా. గుమాస్తా ఏడుస్తుంటే పక్కనున్నవాళ్లు ఒక్కరూ పలకరించరు. దొంగ సంచి పట్టుకుపోతుంటే కాపలావాడు చూసి తల తిప్పుకుంటాడు. మేనేజరు టైపిస్టుని నానా మాటలంటే, అందరూ అంతస్తుల నంబర్లు చూస్తూ నిలబడతారు. నోరు విప్పాల్సిన చోట ఎవరూ విప్పరు. కావాలనే రాశావా?"

ఆయన కావాలని రాయలేదు. ఆ కాగితాలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత, భార్యకు కూడా ఎన్నడూ చెప్పని సంగతి కూతురికి చెప్పాడు.

ఆ భవనంలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని అందరూ పానా అనేవారు. ఒకరోజు అతను మూడో అంతస్తు తలుపు గడియ అరిగిపోయిందనీ, మార్చేదాకా లిఫ్టు నడపొద్దనీ మేనేజరుకు చెప్పాడు. ఈయన పక్కనే ఉన్నాడు. మేనేజరు నడపమన్నాడు. మర్నాడు లిఫ్టు రాకుండానే ఆ తలుపు తెరుచుకుని, ఒకామె కింది అంతస్తులో ఉన్న లిఫ్టు కప్పు మీద పడి కాలు విరగ్గొట్టుకుంది. విచారణలో మేనేజరు తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు. ఈయన్ని అడిగితే, "నేను వినలేదండీ," అన్నాడు. పానా ఉద్యోగం పోయింది.

"ఇందులో లేనిది అదొక్కటే," అంది కూతురు.

పదిహేను రోజులు పట్టింది ఆయనకు, ఆ నాలుగు పేజీలు రాయడానికి. అవి మధ్యలో పెట్టాక మిగతావి వాటంతటవే దగ్గరకు జరిగినట్టయింది. గుమాస్తా, దొంగ, టైపిస్టు ముగ్గురూ నిలిచారు. ఏడో అంతస్తు దాకా లిఫ్టులో ప్రయాణించిన పావురం మాత్రం నిలవలేదు. అది ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క. మనసు చంపుకుని కొట్టేశాడు.

పత్రికకు పంపే ముందు పానా ఎక్కడున్నాడో వాకబు చేశాడు. రెండు వీధుల అవతల ఇరుకు గదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. "రా, కూర్చో," అన్నాడు, నిన్న కలిసిన మనిషితో అన్నట్టు. నూనె చేతులు తుడుచుకుని, ఈయన ఇచ్చిన కాగితాలన్నీ నిదానంగా చదివాడు.

"నువ్వు విన్నావని నాకప్పుడే తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగితే చెప్పేవాడివా?"

"లేదు," అన్నాడు ఈయన.

పానా తలూపాడు. చెవి మీది పెన్సిలు తీసి ఒక వాక్యం కింద గీత గీశాడు.

"గడియ తలుపు కింద ఉందని రాశావు. పైన ఉంటుంది. ముప్పై ఏళ్లు దాని పక్కనే నిలబడ్డావు, అదీ చూళ్లేదా? అచ్చేయించేటప్పుడు సరిగ్గా వేయించు."

క్షమించానని అనలేదు. ఈయనా అడగలేదు. ఎవరో మిషను మోసుకొచ్చేసరికి లేచి వచ్చేశాడు.

కథ మూడు నెలలకు అచ్చయింది. గడియ పైనే ఉంది. ఒక ప్రతి పానాకు పంపించాడు. జవాబు రాలేదు. కూతురు మాత్రం పత్రిక చూసి, "పావురాన్ని వేరే కథ చెయ్యి నాన్నా," అంది. ఆ పావురం దేని గురించో తనకింకా తెలియదన్నాడాయన.