శ్రీలత లంగా పొడవు

రాజేందర్‌కు లోకమంతా పొడుగు మనుషులే. అతడు లోకాన్ని చూసేది గుంటలోంచి మరి. కట్టంగూరు దగ్గర ఆ ఊళ్లో గుంట మగ్గాన్ని వదలనివాళ్లు కొద్దిమందే మిగిలారు, అందులో అతడొకడు. పొద్దున చాయ్ తాగి గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే, పాలుపోసే దశరథ్ అయినా, పక్కింటి మేకపిల్ల అయినా, అతడు మెడెత్తి చూడాల్సిందే. అందుకే బిడ్డ శ్రీలత తప్పటడుగులు వేసేనాడూ అతడికి పొడుగే, తొమ్మిదో తరగతికి వచ్చినా పొడుగే. తేడా ఎక్కడ తెలుస్తుంది పాపం!

పైగా ఆ పిల్ల చదివేది గురుకులంలో. సెలవులకొస్తే ఇల్లంతా సందడే గానీ, తండ్రి మగ్గం దిగేసరికి పొద్దుగూకేది. అన్నం తినేటప్పుడు ఇద్దరూ పీటల మీదే ఉంటారు. కూర్చున్న పిల్ల ఎంత పెరిగిందో ఎవరికి తెలుస్తుంది?

నిరుడు సద్దుల బతుకమ్మనాడు, నల్లగొండలో కొన్న లంగా వేసుకుంటూ శ్రీలత ఒక మాట అన్నది.

"ఊరందరికి నేస్తవ్ బాపూ. నాకు ఒక్క లంగన్న నేసినవా?"

నవ్వుతూనే అన్నది. కానీ రాజేందర్‌కు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమే, కాపువాళ్ల పెండ్లిళ్లకు నేశాడు, ముఖం తెలియని పట్నపు ఆడవాళ్లకు నేశాడు. సొంత బిడ్డ మాత్రం దుకాణం బట్ట కట్టుకుంటోంది.

"వచ్చే సద్దులకు నా మగ్గం మీది లంగనే కడ్తవు, చూస్కో" అన్నాడు.

చలికాలం సెలవులకు పిల్ల వచ్చినప్పుడు కొలత తీశాడు. టేపు అంటే అతడికి చిన్నచూపు. బిడ్డను గుంట ఒడ్డున నిలబెట్టి, తాను గుంటలోంచే చెయ్యి చాపి, నడుము నుంచి మడమ దాకా నూలుపోగు పట్టి, ముడివేసి, దాన్ని మగ్గం గుంజకు కట్టుకున్నాడు.

రాజేందర్ తల్లి వెంకటనర్సమ్మ తలుపు దగ్గర కూర్చుని అంతా చూస్తోంది. "జర ఎక్కువ పట్టురా. పెరిగే పిల్ల" అన్నది.

"నా కొలత ఎన్నడన్న తప్పిందానే అమ్మా? గీ నాలుగు దినాలల్ల ఏం పెరుగుతది?"

ఆ నాలుగు దినాలు సాగీ సాగీ వానాకాలం దాకా వచ్చాయి. పెండ్లిళ్ల చీరలని షావుకారు తొందర, అవి అయ్యాక ఇంకో తొందర. సందు దొరికినప్పుడల్లా రాజేందర్ బిడ్డ లంగా పనిలో పడేవాడు. అది మామూలు పనా? అంచున చిలుకలు కావాలన్నది పిల్ల. పోగులకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేయాలి. ముక్కు దగ్గర ముక్కే పడాలి, తోక దగ్గర తోకే పడాలి. లంగాకు బట్ట వెడల్పే పొడవు. ఆ వెడల్పు ముడులు కట్టేనాడే తేలిపోతుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా వేలెడు పెంచలేడు. రాజేందర్ గుంజకున్న పోగునే నమ్ముకున్నాడు. అది కట్టిననాడు ఎంతుందో అంతే ఉంది మరి.

దసరా సెలవులకు పిల్ల వచ్చింది. సద్దులకు ముందురోజు బట్ట మగ్గం నుంచి దిగింది. ఎర్రటి బట్ట, అంచునిండా పచ్చటి చిలుకలు. రాజేందర్ దాన్ని భార్య రోజారమణి చేతిలో పెట్టి, కుట్టుమిషను ఉప్పలమ్మ దగ్గరికి పంపాడు.

పండుగనాడు మాత్రం ఇంట్లో అతడికి కాలు నిలవనివ్వలేదు. తంగేడు పూలు తెచ్చాడు, చాలవన్నారు. గునుగు తెచ్చాడు, బంతిపూలు మరిచావన్నారు. వచ్చినప్పుడల్లా లోపలి గది తలుపు మూసే ఉంది, లోపల కిసకిసలు. ఆడవాళ్ల పండుగ, మనకెందుకులే అని మళ్లీ పూలకు పోయాడు.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. శ్రీలత లంగా ఓణీలో బయటికొచ్చింది. చిలుకలు సరిగ్గా పాదాల మీద వాలి ఉన్నాయి.

"చూసినవా! కొలతంటే గిదీ!" అన్నాడు రాజేందర్ భార్యతో. రోజారమణి అవునన్నట్టు తలూపి, గబుక్కున బతుకమ్మను సర్దుకోవడంలో పడింది.

వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మలు దించి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. మగవాళ్లు ఓ పక్కన నిలబడ్డారు. రాజేందర్ కళ్లు తన చిలుకల మీదే ఉన్నాయి. వంగి చప్పట్లు కొట్టేటప్పుడు అందరూ ఒక్కతీరుగానే ఉన్నారు. పాట ఆగి అందరూ నడుము ఎత్తినప్పుడే చిక్కొచ్చింది. శ్రీలత ఎత్తలేదు. మోకాళ్లు మడిచి, కనపడని పీట మీద కూర్చున్నట్టు నిలబడింది. మంచినీళ్లకు ఇవతలికి వస్తూ కూడా అట్లాగే నడిచింది.

రాజేందర్ గబగబా ఎదురుపోయాడు.

"ఏమైందే? కాలు బెణికిందా? దవాఖానకు పోదామా?"

"ఏం లే బాపూ."

"మరి గట్ల నడుస్తున్నవేందే? సక్కగ నిలబడు."

శ్రీలత తల్లి వైపు చూసింది. తల్లి పూలవైపు చూసింది. ఇక లాభం లేదని పిల్ల మెల్లగా మోకాళ్లు చాపింది.

చిలుకలు పైకి లేచాయి. ముందు చీలమండలు కనబడ్డాయి, తర్వాత పట్టీలు, ఆ తర్వాత బెత్తెడు కాళ్లు. అటు చిలుకలు లేస్తుంటే ఇటు శ్రీలత ముఖం కూడా లేచింది, లేచి సరిగ్గా తండ్రి ముఖానికి ఎదురుగా ఆగింది. రాజేందర్‌కు మెడ ఎత్తే పని లేదు, దించే పనీ లేదు. మనిషి పొట్టివాడే, కాదనలేం. అయినా గాని, ఇది ఎప్పుడు జరిగింది? తాను ఎక్కడికీ పోలేదు కదా, ఇంట్లోనే ఉన్నాడు కదా! ఏదో పోగొట్టుకున్నట్టు దుఃఖమొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది.

"గిట్ల వంగి నడువుమని ఎవలు చెప్పిన్రు?"

"పగటి సంది నడిపిస్తున్నంరా" అన్నది వెనక నుంచి వెంకటనర్సమ్మ, నవ్వు ఆపుకోలేక. "ఉప్పలమ్మ నడుం కాడ పట్టీ ఏసినా సాలలే. కింద వేరే గుడ్డ ఏస్తనన్నది. నీ చిలుకల కింద ఇంకో గుడ్డ ఏస్తే నీ పాణం నిలుస్తదా? నీ బిడ్డే ఈ ఉపాయం జెప్పింది."

రాజేందర్ బిడ్డ వైపు తిరిగాడు.

"నువ్వు నా కోసం ఏడాదంత గుంటల కూసున్నవ్" అన్నది శ్రీలత. "నేను ఒక్క పూట వంగలేనా బాపూ?"

రాజేందర్ ఆమె మోకాళ్ల వైపు చూశాడు. "మోకాళ్లు నొస్తలేవా?" అని అడిగాడు.

"పాణం పోతాంది బాపూ!"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. "పో. సక్కగ నిలబడి ఆడు" అన్నాడు రాజేందర్.

శ్రీలత నిటారుగా నడిచిపోయి గుంపులో కలిసింది. చిలుకలు పిక్కల దగ్గర ఊగుతున్నాయి. అందరికంటే ముందు చూసింది ఎదురింటి అరుణమ్మ, ఆమె కంటపడకుండా ఏదీ పోదు.

"ఏంది రాజేందర్, ఎన్నడు తప్పని కొలత బిడ్డ కాడనే తప్పిందా?" అని అందరికీ వినబడేలా కేకేసింది.

వేరే రోజైతే రాజేందర్ ఆ మాటకు వారం రోజులు అన్నం మానేసేవాడు. ఇప్పుడు మాత్రం అంతకంటే గట్టిగా, పాట మీదుగా అరిచాడు.

"తప్పింది అక్కా! బెత్తెడు తప్పింది! నా బిడ్డ పెరిగింది, చూడు!"

తెల్లారి అతడు మగ్గం మీద ఉండగా శ్రీలత వచ్చి గుంట ఒడ్డున నిలబడింది.

"బాపూ, ఒక మాట."

రాజేందర్ తలెత్తబోయి ఆగాడు. అడ్డపోగు వేసే నాడెను పక్కన పెట్టి, గుంటలోంచి పైకొచ్చి, బిడ్డ ఎదురుగా నిలబడి, "చెప్పు బిడ్డా" అన్నాడు.