లిఫ్టు పైన మనిషి

తండ్రి పోయేనాటికి అక్క పై తరగతి పరీక్షలకి చదువుకుంటోంది. తమ్ముడు ఇంకా బడికి వెళ్ళనని పొద్దున్నే మారాం చేసే వయసులో ఉన్నాడు.

తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ రోజు ఒక పాత ఆఫీసు భవనంలో, లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి, రెండు పక్కలా ఉండే ఇనప పట్టాలకి నూనె రాస్తున్నాడు. పెట్టె కదలకుండా ఆపే ఎర్ర స్విచ్చి ఆ పైకప్పు మీదే ఉంటుంది. మెకానిక్కు ఎక్కగానే మొదట చెయ్యాల్సిన పని దాన్ని నొక్కడం. పని జరుగుతుండగా పెట్టె ఉన్నట్టుండి పైకి లేచింది. పెట్టెకీ, పైన స్లాబుకీ మధ్య మనిషి పట్టేంత చోటు లేదు.

విచారణకి వచ్చినవాళ్ళు పై అంతస్తులో ఎవరో బొత్తాం నొక్కి ఉంటారన్నారు. నొక్కామని ఒక్కరూ ఒప్పుకోలేదు. స్విచ్చి నొక్కడం మరిచిపోవడం మెకానిక్కు పొరపాటేనని తేల్చి, సంతాపం చెప్పి వెళ్ళిపోయారు. తల్లి వాళ్ళతో వాదించలేదు. గుమ్మం దాకా వెళ్ళి, "ఆయన మరిచిపోయే మనిషి కాదండీ" అని మాత్రం అంది. వాళ్ళు తలలూపారు. భర్త పోయిన ఏ ఆడమనిషైనా అలాగే అంటుందని వాళ్ళకి తెలుసు.

ఆ తర్వాత ఆ ఇంట్లో తండ్రి చావు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆయన వేసిన జోకులు చెప్పుకునేవారు, ఆయనకి పడని కూరల గురించి చెప్పుకునేవారు, ఆ రోజు గురించి మాత్రం నోరెత్తేవారు కాదు. అయితే పిల్లలిద్దరూ పెరిగి ఎక్కడికీ పోలేదు, తిరిగి తిరిగి లిఫ్టుల దగ్గరికే చేరారు. అక్క ఇంజనీరింగు చదివి, లిఫ్టులు తయారుచేసే పెద్ద కంపెనీలో డిజైను విభాగంలో చేరింది. తమ్ముడు చదువు మధ్యలో ఆపేసి, పాత లిఫ్టులకి మరమ్మతులు చేసే షాపు పెట్టుకున్నాడు. ఏ జేబులో చెయ్యి పెట్టినా ఒక స్ప్రింగు బయటికొచ్చేది కాబట్టి వీధివీధంతా అతన్ని స్ప్రింగనే పిలిచేది. తల్లి అతని దగ్గరే ఉండేది. బట్టలు ఉతికే ముందు జేబులు తడమడం ఆవిడకి పెద్ద పని.

స్ప్రింగు షాపు వెనక గదిలో తుక్కులో కొన్న లిఫ్టు చట్రం ఒకటి రెండు పట్టాల మధ్య నిలబెట్టి, చాలాకాలం దానితో కుస్తీ పట్టాడు. చివరికి ఒక రోజు తల్లిని పిలిచి, ఆ చట్రం పైన బిగించిన పలక మీద నిలబడమన్నాడు.

"నేనా? పడితే నడుం విరుగుతుందిరా!"

"పడవమ్మా. నేను పట్టుకుంటాగా."

ఆవిడ భయపడుతూనే ఎక్కింది. కాళ్ళ కింద పలక కాస్త కుంగింది. కింద ఒక మీట తిరిగి, రెండు పక్కలా ఏటవాలు ఇనప దిమ్మలు పట్టాలని గట్టిగా కరుచుకున్నాయి. అతను చట్రాన్ని గొలుసుతో పైకి లాగాడు. కదల్లేదు. ఇద్దరు పనివాళ్ళు కూడా వచ్చి లాగారు. అయినా కదల్లేదు. తల్లి దిగగానే దిమ్మలు వదిలేశాయి, చట్రం సులువుగా పైకి పోయింది.

తల్లి ఆ పలక వైపు కాసేపు అలాగే చూసి, "మీ అక్కకి చెప్పావా?" అంది.

"ఇంకా లేదు. పేటెంటు చేతికొచ్చాక చెప్తా. అదిరిపోవాలి."

పేటెంటు అంటే ఒక కొత్త వస్తువు కనిపెట్టినవాడికి కొన్నేళ్ళపాటు దానిపై దొరికే హక్కు. ఇంకెవరూ అతని అనుమతి లేకుండా దాన్ని చెయ్యకూడదు. స్ప్రింగు ఒక ఏజెంటు చేత దరఖాస్తు పెట్టించాడు. చాలా నెలల తర్వాత ఏజెంటు రమ్మని కబురు పెట్టాడు. మంచి వార్తే అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు.

"అభ్యంతరం చెప్పారండీ" అన్నాడు ఏజెంటు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "మెకానిక్కు పైన నిలబడితే లిఫ్టు కదలకుండా చేసే పలక మీద ఇంతకుముందే ఒక పేటెంటుంది. కంపెనీవాళ్ళది. చిత్రమేంటంటే, కనిపెట్టినావిడది మీ ఇంటిపేరే."

ఆ పేరు చదివి వినిపించాడు. స్ప్రింగు లేచాడు.

అతను తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ సెలవు రోజు కదా అని తలారా స్నానం చేసి, కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటోంది. తమ్ముడి ముఖం చూడగానే కుర్చీ జరిపింది. అతను కూర్చోలేదు.

"పైన నిలబడితే లిఫ్టు ఆగిపోయే పలక. ఎప్పుడు చేశావు?"

అక్క చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నీకెలా తెలిసింది?"

"అది తర్వాత. ఎప్పుడు చేశావు?"

"నువ్వు షాపు పెట్టకముందే."

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్పకూడదురా. కంపెనీలో చేసే పని బయట మాట్లాడనని సంతకం పెట్టాను."

"నేను బయటివాణ్ణా అక్కా? పక్కవీధి వాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావు." అతను కుర్చీని పక్కకి నెట్టాడు. "సర్లే. ఏ లిఫ్టులో పెట్టారు దాన్ని? నేను ఊళ్ళో సగం లిఫ్టుల మీదకి ఎక్కుతాను. ఎక్కడా చూళ్ళేదు."

అక్క దువ్వెన కిటికీలో పెట్టింది.

"ఏ లిఫ్టులోనూ లేదు. ఖర్చు పెరుగుతుందన్నారు. ఎర్ర స్విచ్చి ఉండగా ఇదెందుకన్నారు. పేటెంటు తీసుకుని పక్కన పెట్టేశారు."

"చెయ్యనివాళ్ళకి పేటెంటెందుకు?"

"ఇంకో కంపెనీ చెయ్యకుండా."

అతనొక నవ్వు నవ్వాడు. అలాంటి నవ్వు తమ్ముడి ముఖం మీద ఆవిడ ఎన్నడూ చూడలేదు. "బాగుంది. నాన్న పేరు చెప్పి చేసిన పని బీరువాలో పడుకుందన్నమాట" అని వెళ్ళిపోయాడు.

తర్వాత అతను అక్క ఫోనెత్తడం మానేశాడు. తల్లి అడిగితే, "అడక్కమ్మా" అనేవాడు. తల్లి అక్కడికీ ఇక్కడికీ తిరిగి, ఇద్దరి దగ్గరా విషయం కొంచెం కొంచెంగా రాబట్టింది. అంతా తెలిశాక ఒక పొద్దున కొడుక్కి కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"దాని మీద ఎందుకురా అంత కోపం?"

"నాకన్నా ముందే చేసి నోరు మూసుక్కూచుంది."

"నువ్వూ చేసి నోరు మూసుకునే ఉన్నావు. అదిరిపోవాలన్నావు." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ మీరిద్దరూ ఆయన్ని మర్చిపోయారేమో అనుకున్నానర్రా. ఒక్కనాడూ ఆ మాటెత్తలేదు కదా. ఇద్దరూ చెరో మూలా కూర్చుని దాని గురించే ఆలోచించారన్నమాట. నాకు కోపం రావట్లేదురా. ఏడుపొస్తోంది."

స్ప్రింగు కాఫీ తాగకుండానే లేచి వెళ్ళాడు. కానీ ఆ సాయంత్రం అక్క వచ్చి షాపు గుమ్మంలో నిలబడితే పొమ్మనలేదు. వెనక గది తలుపు తీసి, పక్కకి తప్పుకున్నాడు.

అక్క చట్రం చుట్టూ తిరిగి చూసింది. చెప్పులు విడిచి, పలక మీదకి ఎక్కింది. దిమ్మలు కరుచుకున్న చప్పుడు విని కిందకి వంగింది.

"దీనికి కరెంటేదిరా?"

"కరెంటు లేదు. మనిషి బరువే."

"నాది కరెంటు ఆపుతుంది. పలక మీద కాలు పడితే మోటారుకి కరెంటు పోతుంది. అంతే."

"మోటారు ఆగితే చాలదు కదా. బ్రేకు పట్టాలి. పాత లిఫ్టుల్లో బ్రేకు పట్టీలు అరిగిపోయి ఉంటాయి. పెట్టెలో మనుషుల్లేకపోతే రెండోవైపు వేలాడే ఎదురుబరువుదే పైచేయి. బ్రేకు జారిందంటే అదే కిందకి దిగి పెట్టెని పైకి లాగేస్తుంది. బొత్తాం ఎవరూ నొక్కక్కర్లేదు."

ఈ మాటలు అతను రోజూ పనివాళ్ళకి చెప్పేవే. పని మాట చెప్పినట్టే చెప్పాడు. చెప్పాక ఆగిపోయాడు. అక్క పలక మీద అలాగే నిలబడి ఉంది, ముఖం పాలిపోయింది.

"అయితే నాన్న స్విచ్చి నొక్కి ఉండొచ్చు. అదీ కరెంటునే కదా ఆపేది" అంది.

తమ్ముడు జేబులో చెయ్యి పెట్టుకున్నాడు.

"నేను ఆ విచారణవాళ్ళ మాట నమ్మానురా. ఆయన మరిచిపోయారనే నమ్మాను. మరిచిపోయేవాళ్ళ కోసమని చేశాను నాది. మనిషి మరిచిపోయినా పలక మరిచిపోదని." ఆవిడ నెమ్మదిగా దిగి, పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడింది. "నువ్వు అమ్మ మాట నమ్మావు."

"నాకు అమ్మ మాటే తెలుసు. ఆ వయసులో ఇంకేం తెలుస్తుంది?"

ఆ భవనం ఎప్పుడో కూల్చేశారు. ఆ బ్రేకు ఎలా ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. తెలిసినా చాలాసేపు అక్కడే కూర్చున్నారు. అక్క ఏడ్చింది. తమ్ముడు ఒక స్ప్రింగు తీసి, అరచేతిలో నొక్కుతూ వదులుతూ ఉండిపోయాడు.

లేచేముందు అక్క ముక్కు తుడుచుకుని, "నీ దరఖాస్తులో 'మనిషి నిలబడితే కదలనిది' అని ఊరంతా నీదేనన్నట్టు అడిగావు. అందుకే నాది అడ్డొచ్చింది. నువ్వు నిజంగా చేసింది పట్టాలని పట్టుకోవడం. అదే అడుగు" అంది. "నా పేటెంటు అందరికీ దొరికేదే. అందులో పట్టాల మాట ఎక్కడా లేదు. చదువుకో."

దరఖాస్తు మార్చి పెట్టాక, వాళ్ళు పిలిచిన రోజున పేటెంటు ఆఫీసులో అక్క వరండాలో బల్ల మీద కూర్చుంది. కంపెనీ మనిషిగా లోపలికి వెళ్ళడం బాగుండదంది. లోపల పరీక్షించే అధికారి నెరిసిన జుట్టున్న ఒక పెద్దావిడ. అక్క పలకదీ అతని పలకదీ, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా చూసింది.

"ఇందులో కరెంటు ఆపుతున్నారు. మీరు పట్టాలు పట్టుకుంటున్నారు. కరెంటు ఆపితే సరిపోదని ఎందుకనుకున్నారు మీరు?"

ఏజెంటు నేర్పిన జవాబు ఒకటుంది. స్ప్రింగుకి అది గుర్తుకు రాలేదు.

"బ్రేకు జారితే కరెంటుతో పని లేదండీ. మా నాన్న అలాగే పోయారేమోనని."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. కాసేపటికి మళ్ళీ తీసుకుంది. "అది ఇక్కడ రాసుకోడానికి వీల్లేదు బాబూ" అంది మెత్తగా. "నాకు కావలసింది ఈ దిమ్మలు ఎలా పట్టుకుంటాయో, ఎలా వదులుతాయో. అది చెప్పండి."

అతను చెప్పాడు. ఆవిడ అడ్డమైన ప్రశ్నలన్నీ వేసింది. దిమ్మలు ఇరుక్కుపోతే ఏమిటంది, పట్టాల మీద నూనె ఉంటే ఏమిటంది. కొన్నింటికి అతను తడుముకున్నాడు, ఒకదానికి తెలీదనే చెప్పాడు. చివరికి అడిగినదాంట్లో చాలా భాగం కొట్టేసి, పట్టాలని కరుచుకునే ఆ మీటా దిమ్మల మేరకి పేటెంటు ఇచ్చారు.

ఆ కబురు తల్లికి ఇద్దరూ కలిసే చెప్పారు. బ్రేకు సంగతి కూడా అప్పుడే చెప్పారు. ఆవిడ కూరగాయలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టి, అంతా విని, "ఇది అప్పుడే ఉంటే ఆయన బతికేవారా?" అని అడిగింది.

స్ప్రింగు అక్క వైపు చూశాడు.

"బతికేవారమ్మా" అంది అక్క.

"నేను చెప్తూనే ఉన్నాగా, మరిచిపోయే మనిషి కాదని." ఆవిడ మళ్ళీ కత్తి అందుకుంది, కానీ ఏమీ తరగలేదు. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది.

కొద్ది రోజులకి కంపెనీ డిజైను విభాగం పెద్ద స్వయంగా షాపుకి వచ్చాడు. మర్యాదస్తుడు. పలక మీద తనే ఎక్కి చూశాడు, మెచ్చుకున్నాడు, పేటెంటు కొంటామన్నాడు.

"కొని ఎక్కడ పెడతారండీ?" అన్నాడు స్ప్రింగు.

"అంటే?"

"లిఫ్టులోనా, బీరువాలోనా?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకి అర్థమయింది. స్ప్రింగు ముందే అక్కతో కూర్చుని ఆలోచించుకున్న షరతు చెప్పాడు. ఏడాదిలోగా కొత్త లిఫ్టుల్లో బిగించడం మొదలుపెట్టకపోతే పేటెంటు తిరిగి తనకే రావాలి. ఆ షరతు ఒప్పుకోకపోతే ఎంతిచ్చినా అమ్మనన్నాడు. పెద్దాయన ఆలోచించుకుంటానని వెళ్ళాడు. చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. కంపెనీలో అక్కతో కొందరు మాట్లాడటం తగ్గించారు. ఆవిడ తన పనేదో తను చేసుకుంటూ, ప్రతి సమావేశంలోనూ మాత్రం ఆ పలక ప్రస్తావన తెచ్చేది. పెద్దాయన చివరికి షరతుతో సహా ఒప్పుకున్నాడు. మనసు మారిందో, పోటీ కంపెనీ ఏదైనా కొనేస్తుందని భయపడ్డాడో తెలియదు.

గడువు ముగిసేలోపే మొదటి లిఫ్టులు బయటికి వచ్చాయి. ఒక కొత్త భవనంలో బిగించారని విని, అక్కా తమ్ముడూ చూడ్డానికి వెళ్ళారు. పైకప్పు మీద ఒక మెకానిక్కు పని చేసుకుంటున్నాడు. లావుపాటి మనిషి, మీసాల మీద చెమట.

"ఎలా ఉందన్నా ఈ పలక?" అని అడిగాడు స్ప్రింగు పై అంతస్తు తలుపు దగ్గర నిలబడి.

"నెత్తి మీద శని" అన్నాడతను విసుగ్గా. "పట్టాలకి నూనె రాయాలంటే పెట్టె కాస్త కాస్త జరపాలా? ఇది చస్తే జరగనివ్వదు. దిగు, జరుపు, మళ్ళీ ఎక్కు. ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, వాణ్ణి ఒకసారి ఇక్కడ నిలబెట్టాలి."

అక్క నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. స్ప్రింగు నవ్వలేదు. మెకానిక్కు పాదాల కిందకి, పట్టాలని గట్టిగా పట్టుకుని ఉన్న ఆ దిమ్మల వైపే చూస్తున్నాడు.

"నిజమే అన్నా. జరపాలంటే కష్టమే" అన్నాడు.

మెట్లు దిగుతుంటే అక్క, "మనిషి పైనే ఉండి, బొత్తాం నొక్కిపట్టినంతసేపు మాత్రం నెమ్మదిగా జరిగేలా చెయ్యొచ్చురా. వేలు తీస్తే మళ్ళీ పట్టుకోవాలి" అంది.

"బొత్తామంటే కరెంటు. కరెంటుని నేను నమ్మను."

"కరెంటు దిమ్మని వదిలించడానికే. పట్టడానికి నీ మీటే."

అతను మెట్టు మీద ఆగి ఆలోచించాడు. "ఇరుక్కుంటే?"

"ఆ పెద్దావిడా అదే అడిగిందన్నావుగా" అంది అక్క. "పద, షాపుకెళ్ళి చూద్దాం."