శౌరమ్మ దాచమన్నది

భవానీపురంలో ఆ మేడ పక్కనుంచి రోజూ పోతారు కదా, ఏం చూశారో చెప్పండి. కిటికీలో నల్ల డబ్బా ఒకటి కనపడింది, అంతేనా? వాసన చూడలేదూ? అయితే మీరేమీ చూడలేదు.

ఇంట్లో అందరి ఫైళ్లూ ఉండే డబ్బా అది. మన సంగతులు ఎవరి కంప్యూటర్లోనో కాదు, మన గోడల మధ్యే ఉండాలని ఏంజెల్ కొని వైఫైకి తగిలించింది. ఆటోనగర్లో లారీ విడిభాగాలకు డ్రాయింగులు గీస్తుందామె. ఫోన్లోని ఏఐకి ఆ డబ్బాలో రాసే అనుమతి కూడా ఇచ్చింది. పనవగానే "ఇది దాచు" అంటుంది, అది దాస్తుంది. దాచిన ఫైలు దేనిదైతే ఆ వాసన ఇంట్లో వస్తుంది. డ్రాయింగు దాస్తే గ్రీజు. ఆమె భర్త జోయెల్ చర్చి పాటలు దాస్తే కొవ్వొత్తి.

"ఏం దాచారండీ ఇవాళ?" అని ఎదురింటి హేమసుందర్ మెట్ల మీంచే అరుస్తాడు. "గోంగూర వాసనకి మా ఆవిడ కంచం ముందేసుకుని కూచుంది!"

ఏంజెల్ తల్లి శౌరమ్మ పామర్రు చుట్టుపక్కల ముప్ఫై అయిదేళ్లు నర్సమ్మగా పురుళ్లు పోసింది. పొలం గట్లంట నడిచీ నడిచీ మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. "పాత రిజిస్టర్లు చెదలు తినకముందే పైకి చదివెయ్యమ్మా, అదే రాసుకుంటుంది" అని కూతురు ఫోను చేతికిచ్చింది. పదిరోజులుగా శౌరమ్మ చదువుతోంది. ఇల్లంతా మరిగిన నీళ్ల వాసన.

ఆ మధ్యాహ్నం ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఏ మనిషితోనూ అనలేని మాట యంత్రంతో అనేసింది.

"బుల్లెమ్మకి ఆడపిల్ల. కొల్లేట్లో వలకి పోయిన మొగుడు ఎల్లారావు తిరిగి రాలేదు. పిల్లని నా ఒళ్లో పెట్టి, నువ్వే బతికించుకో నర్సమ్మా అంది. ఆ పిల్లే ఏంజెల్. ఇది దాచెయ్యి నాయనా."

"దాచానండీ. 'కుటుంబం' ఫోల్డర్లో పెట్టాను. ఏంజెల్ గారు, జోయెల్ గారు ఎప్పుడైనా చూసుకోవచ్చు."

"ఓరి నీ దుంపతెగ! దాచమంటే ఎవరికీ కనపడకుండా పెట్టమనిరా!"

"క్షమించండి. భద్రంగా ఉంచమన్నారనుకున్నాను. చెరిపెయ్యమంటారా? మీరు చెప్తేనే చెరుపుతాను."

ఒక్క మాట చాలు. చెరిపితే కూతురు తనకే ఉంటుంది. ఉంచితే పోతుందేమో. నోరు తెరిచేలోపు ఇంట్లోకి కొల్లేరు వచ్చేసింది. తడి వల, నాచు, చెమట పట్టిన చీరకొంగు.

పని నుంచి వచ్చిన ఏంజెల్ గుమ్మంలోనే ఆగింది.

"అమ్మా, ఏం వాసనే ఇది?"

"చేపల బండేదో పోయిందిలే."

"బండి పోతే వాసనా పోవాలిగా. ఇది నన్ను ఎత్తుకున్నట్టుందే."

కళ్లు మూసుకుని నవ్వుతోంది. మూడు రోజుల పసిగుడ్డుగా నిద్రలో నవ్వినట్టే. ఆకలికీ ఉప్పెనకీ బెదరని శౌరమ్మ ఆ నవ్వుకి బెదిరింది. ఇన్ని పురుళ్లు పోసి, ఈ పిల్ల నవ్వు చెరపడానికి తనెవరు?

"చెరపమంటారా అండీ?" ఫోను మళ్లీ అడిగింది.

"నోర్ముయ్. ఉండనీ." కూతురి చేతికి ఫోనిచ్చి, "కూచో. చదువు" అంది.

ఏంజెల్ చదివింది. ఏడవలేదు. "ఆవిడ బతికుందా?" అని మాత్రం అడిగింది.

"పామర్రులో ఎండుచేపలమ్ముతోంది. ఏటా నీ ఫొటో చూపించొస్తాను. వస్తానంటే నేనే రానివ్వలేదు."

ఆదివారం చర్చిలో పూజ కాగానే ఇద్దరూ పామర్రు బస్సెక్కారు. కొల్లేటి వాసన ఏంజెల్ చీరనంటుకునే వచ్చింది. బస్సులో జనం జరిగి దానిక్కూడా చోటిచ్చారు. రేకుల షెడ్డులో వీపు తిప్పి బుట్టలు సర్దుతున్న బుల్లెమ్మ చేతిలో చేప జారిపోయింది.

"మా ఎల్లారావు వల వాసన" అంటూ లేచింది. "ఎవరే వచ్చింది?"

పక్కన శౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఎదురుగా బుల్లెమ్మ ఉప్పు పట్టిన చేతులు చాపింది. ఏంజెల్ నోరు తెరిచింది.

ఆమె చోట మీరుంటే, అమ్మా అని ముందు ఎవర్ని పిలుస్తారు?