మాదయ్యకు ఇచ్చిన కాగితం

పసుపు వాసన. తడి పసుపు, మీద కుంకుమ, వాటి కింద నూరేళ్ళు దాటిన కాగితం.

తొండియార్‌పేటలో చిన్న ఇల్లు. ఆయుధపూజ. కుట్టుమిషను పక్కన, ఆటో తాళాల పక్కన — ఆ కాగితానికీ బొట్టు.

"మా అవ్వకి తాత, మాదయ్య, పటాలంలో ఉండినాడంట ఆంటీ. దొరలు మెచ్చుకోని ఇచ్చిన కాయితం ఇది. అప్పట్నించీ పూజలో పెడతా ఉండాము," అంది జీవిత. "మాకు తెలుగు మాట్లాడేకి వస్తుంది, చదివేకి రాదు, బళ్ళో అంతా అరవమే. మీరు తెలుగు టీచరు గదా, కొంచెం చదవండి."

మంచం మీద అవ్వ లేచి కూర్చుంది.

చదివాను. లోలోపలే చదివాను.

మాదయ్య. పిరికివాడు. పటాలానికి పనికిరాడు.

కింద సంతకం — సుబేదారు ధనుంజయ నాయుడు.

ఆ పేరు మళ్ళీ చదివాను. చింతాద్రిపేటలో మా హాల్లో దండ వేసి ఉన్న పటం ఆయనదే. మా ముత్తాత.

తెల్లదొరలు పటాలాలను మార్చేస్తున్న రోజులవి. తెలుగువాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చేసి, ఉత్తరాది వాళ్ళను చేర్చుకుంటున్న రోజులు. తీసెయ్యాల్సిన వాళ్ళ గురించి ముత్తాతను రాసిమ్మన్నారట. రాసిచ్చాడు... తను మిగిలాడు. మా ఇంట్లో గొప్పగానే చెప్పుకునేవాళ్ళం. ఏం రాసిచ్చాడో ఎవరూ చెప్పలేదు.

నేనూ అడగలేదు.

పటాలంలోంచి పంపించేస్తూ ఈ కాగితమే చేతిలో పెట్టి ఉంటారు. చదువురాని మాదయ్య దాన్ని మెప్పనుకున్నాడు. ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెట్టాడు. ఐదు తరాలుగా హారతి ఇస్తూనే ఉన్నారు... దానికి.

"ఏం రాసుండాడు తల్లీ?" అంది అవ్వ.

నిజం చెప్పాలి. చెప్పాలి...

"ధైర్యవంతుడని రాశాడు అవ్వా. ఇలాంటివాడు పటాలానికి మళ్ళీ దొరకడని."

నా నోరు పడిపోను! ఎంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. ఆవిడ మనసు నొచ్చుకోకూడదని ఆడి ఉంటే కొంత నయం. కాదు — మా ముత్తాత పేరు చెడకూడదని.

జీవిత కళ్ళు తుడుచుకుంది.

"రాసినాయన పేరుండాదా?" అంది అవ్వ.

పేరు చదివాను. పేరు మాత్రమే. మావాడని అనలేదు.

అవ్వ చేతులు జోడించింది... ఆ సంతకానికి.

"ఎవురో మహానుభావుడు. ఆయన బిడ్డలు, బిడ్డల బిడ్డలు ఏడుండినా సల్లంగుండాల."

జీవిత బొరుగులూ బెల్లమూ తెచ్చింది. రెండు చేతులూ చాపి తీసుకున్నాను.

తిన్నాను కూడా.