నా కిడ్నీ ఎలా ఉంది?

రోజూ పొద్దున్నే టీ కప్పు పట్టుకుని డల్సీ తమ్ముడికి ఫోన్ చేసేది. "ఒరేయ్ అమోస్, నా కిడ్నీ ఎలా ఉందిరా?"

వాడెలా ఉన్నాడని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. వాడేమైనా తక్కువ తిన్నాడా! "నీకంటే బుద్ధిగా ఉందక్కా, నోరెత్తదు" అనేవాడు. ఆమె ఇచ్చిన కిడ్నీతోనే బతుకుతున్నాడు మరి.

కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ దీవిలో, వాళ్లుండే రేవుపట్నం చర్చి బ్యాండులో అమోస్ బాకా ఊదేవాడు. ముందుపన్ను ఊడాక గాలి తప్ప పాట రాలేదు. దవడ ఎముకలో మరమేకుతో బిగించే పన్ను కావాలన్నాడు. కిడ్నీ డాక్టరు సరేనన్నాడు, పళ్ల డాక్టరు జాగ్రత్తగానే పెట్టాడు.

కిడ్నీ మార్పించుకున్న వాళ్లందరిలాగే వాడికీ ధ్యాసంతా దాని మీదే. బరువు, బీపీ, జ్వరం రోజూ చూసుకునేవాడు. చిగురు మీద నల్లమచ్చ కనబడితే మాత్రం, వాపు లేదు, నొప్పి లేదు, అదే పోతుందిలే అనుకున్నాడు. కిడ్నీని ఒళ్లు తరిమేయకుండా మింగే మాత్రలే రావాల్సిన వాపునీ నొక్కిపెట్టాయని తట్టలేదు, ఖర్మ!

సెయింట్ జాన్స్ నగరంలో పెద్దాసుపత్రికి వెళ్లేసరికి, ఆ మచ్చ తెచ్చిన బూజు తెగులు దవడ ఎముకలోకి పాకింది. ఎక్కడో నూటికో కోటికో ఒకరికి వస్తుందట. మరమేకు తీసేసి, ఎముక కోయాలి. మాత్రలు ఆపాలి. బూజుకిచ్చే మందు కిడ్నీకి పడదు.

"కిడ్నీ దక్కకపోవచ్చు. ఇలాగే వదిలేస్తే మనిషే దక్కడు," అంది డాక్టరమ్మ.

అమోస్ మొండికేశాడు. "మాత్రలు ఆపనివ్వను. అది నీదక్కా. పన్ను సోకు కోసం పోగొట్టానని నీకు మొహమెలా చూపించను?"

డల్సీకి ఒళ్లు మండిపోయింది. "మొహమంటూ మిగిలితే కదరా చూపించడానికి! బీరువాలో దాచుకోమని ఇచ్చానా? నువ్వు బతకాలని ఇచ్చాను. పోతే పోనీరా, వెధవా!" అంటూనే భోరున ఏడ్చింది.  చివరికి వాడు సరేనన్నట్టు తలూపాడు.

ప్రాణం నిలబడింది. బాకా పోయింది, కిడ్నీ పోయింది. డయాలసిస్ మెషీన్ పక్కన, మొహమంతా కట్లతో అమోస్ పడుకుని ఉంటే, పొద్దున్నే డల్సీ వచ్చి కుర్చీ లాక్కుంది. ఎప్పటి మాటే అడుగుతుందేమోనని వాడు భయంతో కళ్లు మూసుకున్నాడు.

"ఒరేయ్ అమోస్," అంది డల్సీ. "నువ్వెలా ఉన్నావురా?"

 వాడు అక్క చెయ్యి పట్టుకుని, ఎంతకీ వదల్లేదు.