మూత చెప్పిన మాట

డబ్బాలక్క దగ్గర పనిచేయాలంటే ముందు ఒక షరతుకి ఒప్పుకోవాలి: కంటిని నమ్మకూడదు. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు గనక పెట్టిన షరతు కాదది. చూపున్నవాళ్ళు సరిగ్గా చూడకుండానే చూసేశామంటారని ఆవిడకి గట్టి అభిప్రాయం. కొట్లో ప్రతి సరుకుకీ ఒక గుండ్రటి స్టిక్కరు అంటించి ఉంటుంది. దాని మీద మాట్లాడే పెన్ను ఆనిస్తే, అదేమిటో ఆవిడ గొంతే చెబుతుంది. ముందుగా రికార్డు చేసిపెట్టుకున్నది. తూకం పెట్టే యంత్రమూ మాట్లాడుతుంది. ఫోను సరేసరి, అది గడగడా చదివే వేగం అందుకోవడం ఇంకెవరి తరమూ కాదు.

ఆ కొట్లో పనిచేసే రెండో మనిషి తమ్ముడి భార్య. "లోకంలో ఎవరూ నీ మాట వినకపోయినా ఫర్లేదు వదినా, నీ మాట నువ్వే వినేలా ఏర్పాటు చేసుకున్నావు" అని మొదట్లో ఆటపట్టించేది. తర్వాత తనకీ అలవాటైపోయింది.

వాళ్ళు చేసేది ఒంటికి రాసుకునే లేపనం. పెద్దవాళ్ళది బాదం నూనెతో, పిల్లలది పొద్దుతిరుగుడు నూనెతో. పిల్లల డబ్బా మీద "బాదం, జీడిపప్పు, వేరుశనగ ఏదీ తగలలేదు" అని అచ్చులోనూ, వేలికి తగిలే చుక్కల్లోనూ ఉంటుంది. అవి పడని పిల్లలున్న తల్లులు ఆ ఒక్క మాట కోసమే ఆవిడ దగ్గర కొంటారు. నూనె స్టీలు క్యాన్లలో వస్తుంది. ఖాళీ క్యాను వెనక్కిస్తే మళ్ళీ నింపి పంపుతారు. ఒక్క ప్లాస్టిక్ సీసా కూడా తన వల్ల చెత్తలోకి పోకూడదని డబ్బాలక్క పంతం. క్యాన్లు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి స్టిక్కర్లు మూతలకి అంటించింది. మూతలు మాత్రం తనవి.

ఆ సాయంత్రం పెద్దవాళ్ళ లేపనం మొదలుపెడదామని ఆవిడ పెన్ను ఆనించింది. "బాదం నూనె" అంది మూత. క్యాను ఎత్తబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది తేలిగ్గా ఉంది. నిన్ననే వచ్చిన నిండు క్యాను, ఇంతవరకూ ఎవరూ వాడనిది, సగానికి పైగా ఖాళీ.

పక్క క్యాను ఎత్తి చూసింది. అది నిండుగా ఉంది. దాని మూత "పొద్దుతిరుగుడు" అంది. పొద్దున పిల్లల లేపనానికి వాడి ఉండాల్సింది అదే.

రెండు రోజులుగా జలుబు, ముక్కు మూసుకుపోయి ఉంది. మరదల్ని పిలిచి తేలిగ్గా ఉన్న క్యాను వాసన చూడమంది. మరదలు వంగి వాసన చూసింది.

"ఇది బాదమే వదినా."

మూత సరైనదే, వాడిన నూనే తప్పు? డబ్బాలక్క నిన్నటినుంచీ జరిగినదంతా వెనక్కి తలుచుకుంది. పొద్దున మరదలు నూనె పోసింది, పెన్ను పెట్టే పోసింది. అంటే పొద్దున మూతలు తారుమారుగా ఉన్నాయి. మధ్యాహ్నం అల్మరా తుడిచి మూతలు కడిగింది తనే. తడి ఆరాక బరువు చూడకుండా తోచినట్టు పెట్టేసింది. ఆ పెట్టడంలో పొరపాటున సరిగ్గా కుదిరాయి. మరి మొదట తారుమారు చేసిందెవరు? నిన్న క్యాన్లు దిగేటప్పుడు పెద్ద దుకాణం నుంచి ఫోనొచ్చింది. సరుకు తీసుకుంటామనీ, రేపు ఖాయం చేస్తామనీ అన్నారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మురిసిపోతూ, మూతలు బిగించింది తనే.

పిల్లల డబ్బాలు మధ్యాహ్నానికే ఊళ్ళో ఇళ్ళకి చేరిపోయాయి.

డబ్బాలక్క ఫోను తీసి, కొన్నవాళ్ళందరికీ ఒకేసారి చేరేలా మాట రికార్డు చేయబోయింది. మరదలు చెయ్యి పట్టుకుంది. డబ్బా సరిగ్గా గడ్డకట్టలేదని చెప్పి వెనక్కి తెప్పించుకుందాం, ఎవరికీ ఏమీ కాకుండానే పోతుంది, రేపు దుకాణంవాళ్ళు ఖాయం చేసేవరకైనా గుట్టుగా ఉందాం అని బతిమాలింది. తమ్ముడికి ఈమధ్య పనిలేదు. ఆ దుకాణం మీదే ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకుంది.

"గడ్డకట్టలేదంటే, పారేయడం ఎందుకని రాసేసుకుంటారే. బాదమంటేనే ముట్టుకోరు" అంది డబ్బాలక్క. "పిల్లల లేపనంలో బాదం పడింది. పొరపాటు నాది. ఎవరూ వాడకండి" అని ఫోనులో చెప్పి, పంపేసి, ఒక్కొక్కరికీ ఫోన్లు మొదలుపెట్టింది.

కొందరు థాంక్స్ అన్నారు, కొందరు తిట్టారు. అందరూ ఎత్తారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ ఎవరో కాదు, బాదం తగిలితే మొహమంతా వాచిపోయే పాప తల్లి. ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోతోంది. డబ్బా అందినట్టు మాత్రం ఫోను చదివి చెప్పింది.

ఇద్దరూ టాక్సీ ఎక్కారు. కారు కదిలితే ఆగడం, ఆగితే కదలకపోవడం. డబ్బాలక్క ఫోను చెవి నుంచి దించలేదు. సగం దారిలో మరదలు మెల్లగా అంది.

"పొద్దున నూనె పోస్తున్నప్పుడు రంగు తేడాగా అనిపించింది వదినా. రోజూ కంటే పల్చగా ఉంది."

"మరి చెప్పలేదేం?"

"కంటితో చూసి చెప్పొద్దన్నావుగా. పెన్ను పెట్టాను. నీ గొంతే కదా పలికింది, నోరు మూసుకున్నాను."

డబ్బాలక్క తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇన్నాళ్ళూ వాదించింది. నాలుగో కాలు కళ్ళారా చూసిన మనిషి భయపడి మాట్లాడలేదు. మరదలి మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు.

తలుపు తీసింది పాప తల్లే. లోపల పాప ఏడుపు బొంగురుగా వినిపిస్తోంది.

"మీరా అక్కా" అంది ఆమె, ఆయాసపడుతూ. "సాయంత్రం నుంచి పాపకి ఒకటే దద్దుర్లు. మీ లేపనం రాస్తూనే ఉన్నాను, తగ్గట్లేదు. ఫోను ముట్టుకునే తీరికే లేదు."

డబ్బాలక్క మాట కోసం వెతుక్కోలేదు. "రాయొద్దమ్మా, దానివల్లే. అందులో బాదం ఉంది. డాక్టరు దగ్గరికి పద, కారు కిందే ఉంది" అంది.

ఆమె చేతిలోంచి డబ్బా జారి నేల మీద దొర్లింది. మరదలు తడిగుడ్డతో పాప మొహం తుడిచింది. కార్లో పాప తల డబ్బాలక్క ఒళ్ళోనే పడింది. ఆ చెంప ఉబ్బి, వేడిగా, వేళ్ళకి జిడ్డుగా తగిలింది. ఆ జిడ్డు ఆవిడ కరిగించి పోసిందే. పాప ఊపిరి లెక్కన తన ఊపిరి తీస్తూ కూర్చుంది.

సూది మందు పడ్డాక పాప ఊపిరి నెమ్మదించింది. ఇంకాసేపు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు తల్లితో అనడం ఆవిడకి వినపడింది. డబ్బాలక్క వెళ్ళి తల్లి ఎదుట నిలబడి క్షమించమంది.

"అన్ని డబ్బాల మీదా రాసింది చదివి చదివి, మీదొక్కటే చదవకుండా రాసేదాన్నక్కా" అంది ఆమె. ఇక కొనననీ అనలేదు, కొంటాననీ అనలేదు. పాప దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు దుకాణంవాళ్ళు ఫోన్ చేసి, విషయం తెలిసిందనీ, ఇప్పట్లో సరుకు వద్దనీ చెప్పారు. తమ్ముడు విని అన్నం ముందు కూర్చున్నాడు. డబ్బాలక్క కొట్లోకి వెళ్ళి రెండు క్యాన్ల నూనెనీ పారబోయించి, గిన్నెలన్నీ రెండుసార్లు తోమించింది. కొత్త క్యాన్లు వచ్చాక ఒంటికి ఒకటీ మూతకి ఒకటీ స్టిక్కర్లు అంటించింది. పెన్ను ఆనించింది. రెండు చోట్లా "పొద్దుతిరుగుడు" అని తన గొంతే పలికింది. అయినా మూత తీయలేదు.

"ఇలా రావే" అని మరదల్ని పిలిచింది. "గిన్నెలో కొంచెం పోసి చూడు. రంగు ఎలా ఉందో చెప్పు."

మరదలు నూనె పోసి, గిన్నెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. చాలాసేపు చూసింది. డబ్బాలక్క పెన్ను కింద పెట్టి, ఆమె చెప్పేదాకా ఆగింది.